ట్యాబ్ లాక్కోకండి, కాగితం మాత్రం మళ్లీ చేతికివ్వండి

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక అమ్మ అడిగారు: "మా పాప ప్లస్ టు మొదటి సంవత్సరం, సైన్స్. స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఆన్‌లైన్ క్లాసులకని కొన్న శాంసంగ్ ట్యాబ్‌లో రోజూ బొమ్మలు గీస్తుంది, అన్నం తిన్నాక మొదలుపెడితే పదకొండు దాటుతుంది. ఇదే చదువుకుంటానంటోంది. ఐప్యాడ్ కావాలంటోంది. మా వారేమో ట్యాబ్ తీసి బీరువాలో పెట్టేస్తానంటున్నారు. బజార్లో ఫ్లెక్స్ షాపు ఆయన దీని బొమ్మలు చూసి బ్యానర్లు చేసిపెట్టు, డబ్బులిస్తానన్నాడు. ఇందులో నిజంగా భవిష్యత్తు ఉందా, లేక టైంపాసేనా? నాకు టెన్షన్‌గా ఉంది."

నమస్తే అండీ. ముందు మీ వారికి చెప్పండి, ట్యాబ్ బీరువాలో పెట్టొద్దు. ఎవరూ చెప్పకుండా, మార్కులు లేకుండా, రోజూ ఒక పని దగ్గర కూర్చునే అలవాటు పదహారేళ్ల పిల్లలో దొరకడం చాలా అరుదు. దాన్ని పాడుచేస్తే ఆ సమయం ఫిజిక్స్‌కి వెళ్తుందనుకోకండి, ఫోన్‌లో రీల్స్‌కి వెళ్తుంది. రాత్రి పదింటికి ఆపాలి, మంచం మీద వంగి కాకుండా బల్ల మీద పెట్టుకుని గీయాలి, ఇంటర్నల్ పరీక్షల వారంలో అరగంటే గీయాలి. ఈ మూడూ ఒప్పించండి, చాలు.

అయితే రోజూ గీస్తోంది కాబట్టి ఆర్టిస్ట్ అయిపోతుందని కూడా నేను చెప్పను. అది తేలాలంటే మీరొక పని చేయాలి. ఈ ఆదివారం పాప పక్కన కూర్చుని, బొమ్మ కాదు, బొమ్మ గీసిన వీడియో చూపించమనండి. ఐబిస్ పెయింట్ లాంటి యాప్‌లు మొదటి గీత నుంచీ చివరిదాకా రికార్డు చేసి పెడతాయి, గంటల పని నిమిషాల్లో కనబడుతుంది. అందులో చూడాల్సింది ఇది: ముందు మనిషి మొత్తం ఆకారం లేత గీతలతో వేసుకుని, అది కుదిరాక వివరాల్లోకి వెళ్తోందా? లేక తెర పెద్దది చేసుకుని ఒక కన్ను మీదే గంట గడిపి, రెప్పలు, మెరుపు అన్నీ పెట్టి, తర్వాత బయటికొచ్చి చూసేసరికి తల పెద్దదై, భుజాలు ఇరుకై, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి దాచేస్తోందా? ట్యాబ్‌లో నేర్చుకున్న పిల్లల్లో రెండోదే ఎక్కువ చూస్తాను. తప్పేమీ కాదు, జూమ్ చేయడం సులువు కాబట్టి అలా అలవాటవుతుంది. దీనికి చిన్న మందుంది. పది నిమిషాలకోసారి బొమ్మలో ఎడమది కుడికి తిప్పి, అద్దంలో చూసినట్టు చూడమనండి, చాలా యాప్‌లలో ఆ బటన్ ఉంటుంది. వంకర ఉంటే వెంటనే కంట్లో పడుతుంది.

ఇక అసలు సంగతి కాగితం. మీ పాప పెన్సిల్ పట్టుకుని ఎన్నాళ్లయిందో అడిగి చూడండి. ట్యాబ్‌లో వణికే గీతని యాప్‌లోని స్టెబిలైజర్ అనే సదుపాయం సాఫుచేస్తుంది, తప్పైతే రెండు వేళ్లతో తాకితే వెనక్కి పోతుంది, రంగు బాగాలేకపోతే ఆ లేయర్, అంటే ఆ పొర, తీసేస్తే సరి. ఇవన్నీ వృత్తిలో పనికొచ్చేవే, నేను వద్దనను. కానీ డిజైన్ చదువుల్లోకి వెళ్లే దారి ఇప్పటికీ పెన్సిల్ మీదుగానే ఉంది. యూసీడ్ అని ఐఐటీ బాంబే 2015 నుంచి నడుపుతున్న పరీక్ష ఉంది, ఐఐటీల్లో బీడిజైన్, అంటే డిజైన్ డిగ్రీ, సీట్లు దాని ద్వారానే ఇస్తారు, మనకి దగ్గర్లో ఉన్న ఐఐటీ హైదరాబాద్ కూడా అందులో ఉంది. మొత్తం మూడు గంటలు: మొదటి రెండు గంటలు కంప్యూటర్ మీద, చివరి గంట కాగితం మీద చేత్తో గీయడం. అక్కడ వెనక్కి వెళ్లే బటన్ ఉండదు! అహ్మదాబాద్‌లో 1961లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీకీ, ఆంధ్రప్రదేశ్‌లో విడిగా ఉన్న ఎన్ఐడీకీ, భువనేశ్వర్‌లోని ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌కీ కూడా ప్రవేశ పరీక్షల్లో చేత్తో గీయాల్సిందే. అందుకే రోజూ గీసే సమయంలో మొదటి అరగంట కాగితం మీద, పెన్నుతో, రబ్బరు లేకుండా. మిగతాది ట్యాబ్‌లో, ఇష్టమొచ్చింది.

కాగితం మీద ఏం గీయాలంటే, ఎదురుగా ఉన్నదే గీయాలి. నెట్‌లో చూసి గీసిన కార్టూన్ ముఖాలు ఎన్ని ఉన్నా చూసేవాళ్లకి పిల్ల గురించి ఏమీ తెలియదు. రాయగడ స్టేషన్‌లో మూటల మీద కూర్చుని విశాఖ బండి కోసం చూసేవాళ్లు, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు, మీ వంటింట్లో గ్రైండర్ పక్కన గిన్నెలు, ఇవి గీయమనండి. చాటికోన బుధవారం సంతకి వెళ్లే వీలుంటే ఇంకా మంచిది, కాకపోతే అక్కడికి కొండ దిగి వచ్చే డోంగ్రియా గిరిజన అక్కచెల్లెళ్లని అడగకుండా ఫోటోలు తీయొద్దని చెప్పండి. కూర్చుని గీస్తే వాళ్లే వచ్చి చూస్తారు. ఇంకో మాట కూడా చెప్పాలి. మీ జిల్లాలోని డోంగ్రియా వాళ్ల కపడగండ శాలువాకీ, లాంజియా సవర గిరిజనుల గోడబొమ్మలకీ 2024లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం వాళ్లదే అనే గుర్తింపు, వచ్చింది. వాటిని చూసి నేర్చుకోవడం మంచిదే, తన పనులు కూర్చి చూపించే పోర్ట్‌ఫోలియోలో "ఫలానా వారి కళ చూసి సాధన చేశాను" అని రాసి పెట్టొచ్చు. వాటినే ట్యాబ్‌లో దించి టీషర్టుల మీద వేసి అమ్మడం మాత్రం వద్దే వద్దు. సవరల బొమ్మ వాళ్ల ఇళ్లలో పూజకి వేసేది.

ఐప్యాడ్ ఇప్పుడు కొనకండి. ఉన్న ట్యాబ్‌కి పెన్ను దాంతోపాటే వచ్చి ఉంటే, ఎంత గట్టిగా నొక్కితే గీత అంత లావుగా పడుతుంటే, అది చాలు. ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే బొమ్మలు గీసే క్రిటా, యానిమేషన్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లు రెండూ ఉచితం. కొత్త పరికరం సీటు వచ్చాక చూద్దాం, అప్పుడు కోర్సుకి ఏది కావాలో కాలేజీవాళ్లే చెప్తారు.

సరిహద్దులో ఉన్నవాళ్లు తరచుగా పొరబడేది స్థానికత దగ్గర. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చుట్టాలంతా పార్వతీపురం, విజయనగరంలో ఉన్నారు కదా అని ఆంధ్రా సీటు ఖాయమనుకుంటారు. రాష్ట్ర యూనివర్సిటీలు చూసేది ఎక్కడ చదివారన్నది, ఏ రాష్ట్రం నివాస పత్రం ఉందన్నది. కాబట్టి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ పేరు రాసుకోండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఒడిశా వాళ్లుగా మీకు బరంపురం దాటాక ఖల్లికోటలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది, భువనేశ్వర్‌లో బీకే ఆర్ట్ కాలేజీ ఉంది. యూసీడ్‌కి ఏ గ్రూపైనా ఫరవాలేదు, కాబట్టి సైన్స్ మార్పించకండి. లెక్కలు వచ్చిన పిల్లకి యానిమేషన్‌లోనూ, యాప్‌ల డిజైన్‌లోనూ అది కలిసొస్తుంది, ఇంజినీరింగ్ తలుపు కూడా తెరిచే ఉంటుంది, మీ వారికీ కాస్త ఊపిరాడుతుంది.

మీరు రాయకపోయినా మీ మనసులో ఏఐ గురించి భయం ఉండే ఉంటుంది. అందమైన అమ్మాయి ముఖం ఒకటి గీసిపెట్టడం అనే పనికి ముందు ముందు డబ్బులు రావడం కష్టమే, అది దాచి లాభం లేదు. అందుకే పాపకి ఇంకెవరికీ సులువుగా లేనిదేంటో చూడండి. తను స్కూల్లో ఒడియా చదివింది, ఇంట్లో తెలుగు రాస్తుంది. రెండు లిపుల గుండ్రాలూ చేతిలో ఉన్నాయి. అక్షరాలు గీయడం ఒక పెద్ద వృత్తి. ముంబైకి చెందిన ఎక్ టైప్ వాళ్లు బలూ అనే ఫాంటుని (అక్షరాల రూపాన్ని) భారతీయ లిపులకి చేశారు, తెలుగుది బలూ తమ్ముడు, ఒడియాది బలూ భైనా. రెండూ ఉచితమే, దించుకుని పక్కపక్కన పెట్టి, తెలుగు తలకట్టు ఎంత ఎత్తులో ఉంది, ఒడియా పైగీత ఎంత వంగింది అని చూసి గీయమనండి. నాకైతే ఈ పిల్లకి ఇదే మంచి దారిలా కనిపిస్తోంది.

ఫ్లెక్స్ షాపు పని చేయనివ్వండి. అక్కడే తెలుస్తుంది, తెర మీద మెరిసిన నీలం అచ్చులో ఎందుకు మసకబారుతుందో, ఫోన్‌కి సరిపోయిన బొమ్మ పెద్దది చేస్తే ఎందుకు చెదిరిపోతుందో. ఏ4 సైజు కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480కి 3508 పిక్సెళ్లు కావాలి, ఇది గోడకి అంటించుకోమనండి. నెలకి రెండు బ్యానర్లకి మించి ఒప్పుకోవద్దు. రేటు ముందే మాట్లాడుకోవాలి, మార్పులు రెండుసార్లే అని చెప్పాలి, మొదటిసారి మీరు కూడా వెళ్లండి. యూసీడ్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబరులో మొదలై పరీక్ష జనవరిలో ఉంటుంది, కాబట్టి రెండో ఏడాది దసరా నుంచి బ్యానర్లు ఆపేయాలి. ఈలోగా కాగితం మీద గీసిన పుస్తకం ఒకటి నిండాక ఫోటోలు తీసి నాకు పంపండి, బాగా వచ్చినవి ఏరి కాదు, వరసగా అన్నీ.