నవ్వలేక చచ్చిన పిల్ల

అమ్మడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. డాలస్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఆర్నెల్లు ఉందామని ఊరి నుంచి వెళ్లిన అమ్మమ్మ, ఇద్దరూ బాగా కుదిరారు. మూడో పేజీలో మాత్రం ఒకచోట ఆగిపోయాను. సంగీత్‌లో వాళ్ల నాన్న చేసిన డాన్స్ వీడియో ఫ్రెండ్ పంపితే ఆ పిల్ల ‘నేను చచ్చిపోయాను’ అని జవాబు పెడుతుంది. అది ‘అయామ్ డెడ్’ అని, అంటే నవ్వు ఆపుకోలేకపోతున్నానని, నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్లు పిల్లకేమైందోనని కంగారుపడతారు.

ముందు నా నిర్వాకం విను. నీ వయసులో ఒక వారపత్రికకు అమెరికన్ కథలు అనువదించేవాణ్ణి. కొడుకు పరీక్ష తప్పాడని తెలిసి తల్లి ‘హ్యాడ్ ఎ కౌ’ అని ఉంది. అంటే ఇంతెత్తున ఎగిరిపడిందని. నేను ‘ఆమెకు ఒక ఆవు ఉండేది’ అని రాశాను. పల్లెటూరి సంసారం కాబోలు అనుకున్నాను! అచ్చయింది కూడా. రెండు వారాలకు ఒకాయన కార్డు రాశాడు: ‘కథ బాగుంది. ఆ ఆవు తర్వాత ఏమైంది?’

అసలు చావుతో తెలుగుకు పేచీ ఏమీ లేదు. నీ కథలో అమ్మమ్మలాంటి వాళ్లు రోజుకు పదిసార్లు చస్తారు. పనితో చచ్చాను, ఈ మోకాళ్లతో చస్తున్నాను, వాడి మాటలకు నవ్వలేక చచ్చాను. అయితే మనం చావుకు ముందు కారణం పెడతాం. ఎండకో, సిగ్గుతోనో, నవ్వలేకో చావాలి. కారణం లేకుండా ‘చచ్చాంరా’ అన్నామా, అర్థం మారిపోతుంది. అద్దం పగలగొట్టిన పిల్లలు నాన్న బండి చప్పుడు వినగానే అనే మాట అది. ‘చచ్చిపోయాను’ అని పూర్తిగా అంటే ఇక దెయ్యం కథే. ఇంగ్లీషు కుర్రకారు ఆ కారణాన్ని ఎగరగొట్టేశారు. ఇప్పుడు మాట కూడా దండగని పుర్రె బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకుంటున్నారు.

ఈ మాటలకు వయసుంటుంది, చూసుకో. 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు ఆ ఏటి మాటగా అసలు మాటే కానిదాన్ని, కన్నీళ్లొచ్చేలా నవ్వే ముఖం బొమ్మను ఎంచుకున్నారు. ఇవాళ నేను అది పంపితే నీ కథలో పిల్ల నన్ను అంకుల్ అంటుంది. అలాగని అన్నీ పిల్లల సొత్తూ కాదు. ‘ఓ మై గాడ్’ని కుదించిన ‘ఓఎంజీ’ ఫోన్లతో పుట్టిందనుకుంటాం కదా, 1917లోనే బ్రిటిష్ అడ్మిరల్ జాన్ ఫిషర్ చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. అప్పటికి ఆ పెద్దమనిషికి 76 ఏళ్లు.

ఊరు కూడా ముఖ్యమే. కోరింది జరగలేదని గొడవ చేసేవాణ్ణి ఆస్ట్రేలియాలో పాలపీక ఉమ్మేశాడంటారు. బ్రిటన్‌లో అయితే బొమ్మలన్నీ తోపుడుబండిలోంచి విసిరేశాడంటారు. రెండుచోట్లా చంటిపిల్లాడే. మన దగ్గర అలకపాన్పు ఎక్కేది కొత్త అల్లుడు. రేపు నువ్వు మెల్‌బోర్న్ ఆఫీసు కథ రాస్తూ ఆ పాలపీక ఉన్నచోట అలకపాన్పు వేశావనుకో, స్కూటరు అడిగే అల్లుడొచ్చి మేనేజరు కుర్చీలో కూర్చుంటాడు. ‘మూతి ముడుచుకుని మీటింగ్‌లోంచి లేచిపోయాడు’ అంటే చాలు. డ్రామా క్వీన్‌కు సత్యభామ అని రాస్తారు కొందరు, నాకు ఒళ్లు మండుతుంది. ఆవిడ అలిగిందంటే కారణం ఉంది, సవతికి పారిజాతం దక్కింది మరి.

అన్నిటికీ తెలుగు వెతకాలనీ కాదు. ‘ఓవరాక్షన్ చేయకు’, ‘ఎక్స్‌ట్రాలు చేయకు’ మన వీధి మాటలే. అమెరికా పిల్లలూ అతి చేసేవాళ్లను ‘సో ఎక్స్‌ట్రా’ అంటారు.

నేనైతే ఆ పిల్ల నోట ‘అయామ్ డెడ్’ అనే ఉంచుతాను. పక్కన అమ్మమ్మను చిక్కుడుకాయలు ఇచ్చి కూర్చోబెడతాను.

‘ఎవరే పోయింది?’

‘ఎవరూ పోలేదు అమ్మమ్మా. నేనే.’

‘ఛీ, అవేం మాటలే! పైన తథాస్తు దేవతలుంటారు.’

పిల్ల ఫోన్ చేతికిస్తుంది. అల్లుడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నడుం ఊపుతున్నాడు. అల్లుడాయె, పైకి నవ్వకూడదు. కొంగు నోట్లో కుక్కుకుంటుంది. చిక్కుడుకాయలు ఒళ్లోంచి జారిపోతాయి. ‘నవ్వలేక చచ్చానే తల్లీ.’

అక్కడ ఆపెయ్. తర్వాత రెండు తరాల భాష మీద నువ్వు పెట్టిన పేరా కొట్టెయ్యి.

తిరగరాసి పంపు. ఆవు సంగతి మీ అమ్మ దగ్గర అనకు. ఆ కథ బాగుందని కత్తిరించి దాచుకుంది.

మామయ్య