పాలపంటిని దాచిపెట్టాలా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది రాజోలు దగ్గర పల్లె. ఆరేళ్ల మా మనవడికి కింది ముందుపన్ను ఊడితే, ఇంటి పెంకుల మీదికి విసరనీయకుండా కోడలు కుంకుమ భరిణెలో దాచింది. పాలపంటి మూలకణాలను (కొత్త కణాలను పుట్టించగల స్టెమ్ సెల్స్‌ను) భద్రపరిస్తే రేపు బ్లడ్ క్యాన్సర్ వచ్చినా, కిడ్నీ పాడైనా అక్కరకొస్తాయని ఒక ఏజెంటు చెప్పాడట. కొబ్బరి దింపు డబ్బు అందులో పెట్టమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: పెట్టవద్దమ్మా. అలాగని మీ కోడలి ఆశను నేను కొట్టిపారేయను. పంటి గట్టి గోడల నడుమ గులాబీ రంగు దారప్పోగులా ఉండే మెత్తని గుజ్జులో మూలకణాలు ఉన్నాయని అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2000లో శాశ్వత దంతాలలోనూ, 2003లో పాలపళ్లలోనూ చూపారు. దెబ్బ తగిలి గుజ్జు చచ్చిపోయిన పిల్లల ముందుపళ్లలో, వారి పాలపంటి నుంచే తీసి పెంచిన కణాలను అమర్చగా రక్తప్రసరణ, స్పర్శ తిరిగి వచ్చాయని చైనా వైద్యులు 2018లో ప్రకటించారు. ఒక దంతవైద్యుడిగా నాకు ఇది ఎంతో సంతోషం కలిగించిన ఫలితం.

అయితే అది పంటికి పంటి కణాలతో చేసిన ప్రయోగం. బ్లడ్ క్యాన్సర్‌లో మార్పిడి చేసేవి రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. అవి ఎముక మజ్జలోనో, బొడ్డుతాడు రక్తంలోనో దొరుకుతాయి గాని పంటిగుజ్జులో కాదు. పంటి కణాలతో కిడ్నీని బాగుచేసే ఆమోదిత చికిత్స కూడా లేదు. పైగా భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు బొడ్డుతాడు రక్తాన్ని తప్ప పంటిగుజ్జు వంటి వాటిని వ్యాపారంగా నిల్వచేయడాన్ని అనుమతించలేదు. ఏజెంటును ముందుగా అడగవలసింది ఈ అనుమతి గురించే.

భరిణెలోని పన్ను సంగతి: ఎండిపోయిన పంటిలో కణాలు బతకవు. వేరు పూర్తిగా కరిగి దానంతటదే ఊడిన పంటిలో అసలు గుజ్జే కొద్దిగా మిగులుతుంది. నిస్సంకోచంగా పెంకుల మీదికి విసరండి.

కణాలను నిజంగా కాపాడవలసిన సమయం వేరే ఉంది. రేపు మనవడు సైకిలు మీద నుంచి పడి శాశ్వత దంతం వేరుతో సహా ఊడివస్తే, వేరును ముట్టకుండా పైభాగం పట్టుకుని, చల్లని పాలలో వేసి, వీలైతే అరగంటలోపే దంతవైద్యుని దగ్గరకు చేర్చండి. కొబ్బరినీళ్ల కన్నా పాలే నమ్మదగినవి. వేరును అంటి ఉన్న కణాలు బతికి ఉంటే ఆ పన్ను మళ్లీ నిలబడుతుంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు.