రికర్షన్: తగ్గని ఎన్, పెరగని ఎన్

ప్రశ్న: బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సీ భాషలో 'షో' అనే ఫంక్షన్ రాశాను. ఎన్ సున్నా అయితే వెనక్కి రావాలి. లేకుంటే ఎన్‌ను ప్రింట్ చేసి, ఎన్-1తో మళ్లీ 'షో'నే పిలిచి, ఆ తర్వాత ఇంకోసారి ఎన్‌ను ప్రింట్ చేయాలి. 3 ఇస్తే 3 2 1 1 2 3 అని వచ్చింది. సున్నా దాకా దిగిన ఎన్ మళ్లీ ఎలా పెరిగింది?

జవాబు: పెరగలేదు, అసలు తగ్గనూ లేదు. మీ ప్రోగ్రాంలో ఎన్ ఒక్కటి కాదు, నాలుగున్నాయి. ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ స్టాక్‌లో, అంటే పిలుపుల వివరాలు ఒకదానిపై ఒకటి పేర్చుకునే మెమరీలో, దానికంటూ కొత్త చోటు ఏర్పడుతుంది. ఆ పిలుపు తాలూకు ఎన్ అందులోనే ఉంటుంది, తిరిగొచ్చాక ఏ లైను నుంచి కొనసాగాలో కూడా అక్కడే ఉంటుంది. లూప్‌లో మాత్రం ఒకే వేరియబుల్ విలువ మారుతూ పోతుంది. రికర్షన్‌ను, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడాన్ని కూడా లూప్‌లాగే చదివితే మీకొచ్చిన సందేహమే వస్తుంది.

నాలుగు కాగితం ముక్కలు తీసుకోండి. మొదటి దానిమీద 'ఎన్ 3, పిలుపు దగ్గర ఆగింది' అని రాయండి. దానిపై 2 ముక్క, ఆపైన 1, ఆపైన 0 పెట్టండి. పెట్టేటప్పుడే 3 2 1 ప్రింటయ్యాయి. సున్నా ముక్క ఏమీ ప్రింట్ చేయకుండా వెనక్కి వస్తుంది, దాన్ని తీసేయండి. ఇప్పుడు పైనున్నది 1. అది ఆగిన చోటు నుంచి, అంటే రెండో ప్రింట్ నుంచి కొనసాగుతుంది. తర్వాత 2, చివరికి 3. పిలుపుకు ముందున్న పని ముక్కలు పేర్చేటప్పుడు, తర్వాత ఉన్న పని వాటిని తీసేటప్పుడు జరుగుతుంది.

ఇదే ఫంక్షన్‌కు -1 ఇచ్చి చూడండి. సున్నా ఎదురే కాదు. సీలో సాధారణంగా స్టాక్ నిండిపోయి, కారణం చెప్పకుండా ప్రోగ్రాం కూలిపోతుంది. షరతును 'ఎన్ సున్నా లేదా అంతకన్నా తక్కువ' అని మార్చండి.

ప్రశ్న: డిగ్రీ విద్యార్థులకు రికర్షన్ పాఠం చెబుతాను. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఎన్ దాకా సంఖ్యల లబ్ధం) రాసేస్తారు, కొత్త లెక్క ఇస్తే చేతులెత్తేస్తారు. ఏం చేయాలి?

జవాబు: ఫ్యాక్టోరియల్‌తో మొదలుపెట్టడమే చిక్కు. అది లూప్‌తో హాయిగా అయిపోతుంది కాబట్టి రికర్షన్ ఎందుకో పిల్లలకు తెలియదు. ఫోల్డర్ సైజు లెక్కించమనండి. ఫోల్డర్‌లో ఫోల్డర్, దాంట్లో ఇంకోటి, ఎంత లోతుందో ముందు తెలియదు. నేరుగా ఉన్న ఫైళ్ల సైజులు కలపాలి, లోపలి ఒక్కో ఫోల్డర్‌కూ ఇదే ఫంక్షన్‌ను పిలిచి, వచ్చిన విలువనూ కలపాలి. లోపల ఫోల్డర్లే లేకపోతే పిలుపు ఉండదు, అదే ఆగే చోటు. 'లోపలి ఫోల్డర్‌కు సరైన జవాబే వస్తుందని అనుకుంటే, మనకు మిగిలిన పని ఏమిటి?' అన్న ప్రశ్నే పిల్లలతో పదేపదే వేయించండి. కాగితం ముక్కలు తప్పు వెతకడానికి, కొత్తది రాయడానికి ఈ ప్రశ్న.

వాళ్ల తప్పుల్లో రెండు ముందే చూసుకోండి. ఫ్యాక్టోరియల్ ఆగే చోట 1కి బదులు 0 ఇస్తే ప్రతి జవాబూ సున్నాయే. లోపలి పిలుపు ముందు రిటర్న్ మరిస్తే, లెక్క సరిగ్గా జరిగినా విలువ పిలిచిన చోటికి చేరదు.

ఫిబొనాచీని (ప్రతి సంఖ్యా దాని ముందరి రెండింటి మొత్తంగా వచ్చే వరుసను) మాత్రం రికర్షన్ ఎప్పుడు నెమ్మదిస్తుందో చూపడానికి వాడండి. 5వ సంఖ్యకు 15 పిలుపులు, 30వ దానికి 26,92,537. అవే చిన్న లెక్కలు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. వచ్చిన జవాబులను ఒక అర్రేలో దాచుకుంటే 30వ దానికి 59 పిలుపులు చాలు.