దాతల నిధులతో వచ్చే ప్రాజెక్టుల్లో ఏవి ఫలిస్తాయి?

నిధులు ఎన్ని వచ్చాయన్నదాని కన్నా, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యమని నా నమ్మకం.

నెదర్లాండ్స్ నిధులతో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి 7 కరువు జిల్లాల్లో భూగర్భజల ప్రాజెక్టు మొదలైంది. బోర్లలో నీటిమట్టాన్ని, కురిసిన వానను రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో నీరెంత ఉంది, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టేవారు. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. లెక్క కళ్లముందు కనిపించాక చాలామంది తమంతట తామే తక్కువ నీటి పంటలకు మళ్లారు. ఆడవాళ్లూ నీటిమట్టం కొలిచారు, అది నాకెంతో నచ్చిన విషయం.

ఇంకోటి, ఓపిక. 1995 నుంచే అదే దేశం సాయంతో బోరుబావుల ప్రాజెక్టు నడిచింది. ఆ పునాది లేకుండా, రెండు మూడేళ్ల గడువు టెన్షన్‌లో ఇంత మార్పు వచ్చేది కాదు.