ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.. మరి మోకాలు ఎందుకు ఉబ్బింది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మూడు రోజుల కిందట సాయంత్రం రోడ్డు దాటుతుండగా ఎడమ వైపు నుంచి వచ్చిన కారు ఎడమ మోకాలి దగ్గర గుద్దింది. బానెట్ మీద పడి, అక్కడి నుంచి నేల మీదికి జారాను. స్పృహ తప్పలేదు. లేచి నాలుగడుగులు వేశాను కూడా. ఏమీ కాలేదని డ్రైవరును వెళ్లిపొమ్మన్నాను. గంట తిరిగేసరికి మోకాలు బాగా ఉబ్బింది. ఆ రాత్రే ఎక్స్‌రే తీసి, ఎముకలు విరగలేదని చెప్పి డైక్లోఫెనాక్ మాత్రలు రాశారు. ఇప్పటికీ ఆ కాలి మీద బరువు మోపలేకపోతున్నాను. తొడ బయటి వైపు కమిలిపోయి, నొక్కితే లోపల నీళ్లు కదులుతున్నట్టుంది. అప్పుడప్పుడు తల బరువుగా ఉంటోంది. ఇంకేమైనా పరీక్షలు అవసరమా?

జవాబు: అవసరమే. వారం ఆగి చూద్దాం అనుకోకండి, ఇవాళే ఎముకల డాక్టరును కలవండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ‘గంట తిరిగేసరికి’ అన్నది. దెబ్బ తగిలిన రెండు గంటల్లోపే మోకాలు ఉబ్బిందంటే చాలావరకు లోపల చేరింది రక్తమే. మర్నాటికి మెల్లగా వచ్చే వాపు వేరు, అది ఎక్కువగా కీలులో ఊరిన నీరు. రక్తం ఊరికే చేరదు. మోకాలిలో ఎముకలను కలిపి పట్టి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగడం, మోకాలి చిప్ప పక్కకు జారడం, మోకాలి కింది ఎముక పైభాగం చిట్లడం.. సాధారణంగా వీటిలో ఏదో ఒకటి కారణమవుతుంది.

మీకు దెబ్బ తగిలిన తీరును బట్టి నా అనుమానం మూడోదాని మీదే. మామూలు కారు బంపరు పెద్దవాళ్ల మోకాలికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. బయటి వైపు నుంచి గుద్దినప్పుడు మోకాలు లోపలికి వంగుతుంది. అప్పుడు తొడ ఎముక చివరన ఉండే గుండ్రటి భాగం కింది ఎముక మీద, పళ్లెంలా ఉండే టిబియల్ ప్లాటో మీద, సుత్తి దెబ్బలా పడుతుంది. ఎముక రెండు ముక్కలై పక్కకు జరగకపోవచ్చు, కొన్ని మిల్లీమీటర్లు లోపలికి కుంగి ఊరుకోవచ్చు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన ఎక్స్‌రేల్లో ఈ కుంగుదల కనిపించకుండా పోవడం కొత్తేమీ కాదు. ఆ రాత్రి మీకు చెప్పింది తప్పని అనను. ఆ రెండు ఫిల్ముల్లో కనిపించినంతే చెప్పి ఉంటారు.

ఆ ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. పడుకోబెట్టి పక్క నుంచి తీసినదైతే, అందులో రక్తం మీద కొవ్వు తేలి అడ్డగీతలా కనిపిస్తోందేమో చూస్తారు. ఆ కొవ్వు ఎముక మూలుగలోంచి వచ్చేది కాబట్టి ఎక్కడో ఎముక చిట్లిందని అర్థం. ఎముక కుంగుదలను సీటీ కచ్చితంగా చూపిస్తుంది. లిగమెంట్లు, మెనిస్కస్‌ల (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) సంగతి ఎంఆర్ఐ చెబుతుంది. ఏది ముందన్నది మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు నిర్ణయిస్తారు. మూడో రోజుకూ కాలు మోపలేకపోతుంటే మాత్రం ఏ స్కానూ అక్కర్లేదని వదిలేయడం సరికాదు.

అప్పటిదాకా ఆ కాలు నేలకు ఆనించి నడవకండి. కుంగిన ఎముక మీద బరువు పడితే ఇంకా కుంగుతుంది. బ్రేసుతో సరిపోయేది ప్లేటు, స్క్రూల దాకా వెళ్తుంది. రెండు చంకకర్రలు వాడండి, కాలిని తిన్నగా ఉంచే మోకాలి బ్రేస్ వేసుకోండి. ఐసును గుడ్డలో చుట్టి 15-20 నిమిషాల చొప్పున, రెండు మూడు గంటలకోసారి పెట్టండి.

ఇది చదువుతూనే ఎడమ పాదాన్ని, బొటనవేలిని పైకి లేపి చూడండి. మోకాలి బయటి పక్కన ఫిబులా (పిక్కలో బయటి వైపు ఉండే సన్నటి ఎముక) మెడ చుట్టూ ఒక నరం చర్మానికి దగ్గరగా తిరిగి వెళ్తుంది, బంపరు దెబ్బ నేరుగా దానికి తగలొచ్చు. పాదం లేవకపోయినా, పాదం పైభాగం మొద్దుబారినా డాక్టరుకు అన్నిటికంటే ముందు ఆ సంగతి చెప్పండి.

ఇంకొకటి అసలు ఆగనిది. పిక్క రాయిలా బిగుసుకుని, మాత్రలకు లొంగని నొప్పి వస్తూ, కాలివేళ్లను ఎవరైనా మెల్లగా సాగదీసినా అరిచేంత బాధ ఉంటే అది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, అంటే కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తం అందకపోవడం, కావచ్చు. ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తుంది. పాదం దగ్గర నాడి అందుతోంది కదా అని ధైర్యపడొద్దు, నాడి పోయేది చివర్లో, అప్పటికే కండరం చచ్చిపోయి ఉండొచ్చు. కట్లు వదులు చేసి, కాలిని గుండె కంటే ఎత్తులో పెట్టకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. సుమారు ఆరు గంటలు దాటితే కండరాన్ని కాపాడటం కష్టమవుతుంది.

తొడ మీద నీటి సంచిలా అనిపించేది మామూలు కమిలిన గాయం కాకపోవచ్చు. బానెట్ మీద ఒరుసుకుపోయినప్పుడు చర్మం, దాని కింది కొవ్వు పొర రెండూ కలిసి కండరాన్ని కప్పిన పొర నుంచి ఊడి వస్తాయి. ఆ ఖాళీలో రక్తం, లింఫు ద్రవం నిండుతాయి. దీన్ని మోరెల్-లవల్లే గాయం అంటారు. అల్ట్రాసౌండులో తెలుస్తుంది. చిన్నదైతే గట్టి పట్టీతో తగ్గుతుంది, పెద్దదైతే ద్రవం తీయాలి. చాలాకాలం వదిలేస్తే చుట్టూ గట్టి పొర కట్టి, తీసినా మళ్లీ నిండుతుంది. మర్దనా, కాపడం రెండూ వద్దు. దెబ్బ తిన్న కండరాన్ని పిసికితే లోపల ఎముకలాంటి గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంది.

ఇక తల. స్పృహ తప్పలేదు కాబట్టి తలకు ఏమీ కాలేదనుకోవద్దు. నడిచేవారిని వాహనం గుద్దడాన్నే ‘ప్రమాదకరమైన దెబ్బ’ కింద లెక్కేసి సీటీ అవసరమా అని ఎమర్జెన్సీ డాక్టర్లు ఆలోచిస్తారు. గుద్దుకున్న క్షణం, దానికి ముందు అరగంట మీకు పూర్తిగా గుర్తున్నాయా? కారు ముందు అద్దం పగిలిందా? రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా? ఈ మూడింటికీ జవాబు సిద్ధంగా ఉంచుకోండి. తలనొప్పి పెరుగుతూ పోవడం, ఒకటికి మించి వాంతులు, మగతగా ఉండటం, మాట తడబడటం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకుండా తల బరువు మాత్రమే ఉంటే కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) కావచ్చు, చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. నిద్రపోకూడదన్నది అపోహ, పడుకోండి. మొదటి 24 గంటలు పక్కన ఒకరు ఉంటే చాలు.

తలలో, పొట్టలో రక్తస్రావం లేదని తేలేవరకు డైక్లోఫెనాక్ ఆపండి. అది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటుంది. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కూడా అంతే. గుండె జబ్బు కోసం ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు మానొద్దు. నొప్పికి పారాసెటమాల్ 500 నుంచి 1000 మి.గ్రా., ఆరు గంటలకోసారి. రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవారు, కాలేయ జబ్బున్నవారు, రోజూ మద్యం తాగేవారు డాక్టరును అడిగి ఇంకా తగ్గించుకోవాలి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో కలపండి.

పొట్ట గురించి మీరేమీ రాయలేదు. ఎడమ పక్కటెముకల కింద నొప్పి, భుజానికి దెబ్బ లేకుండానే ఎడమ భుజం లాగడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ప్లీహం చిట్లిన సూచనలు. కొన్ని రోజుల తర్వాత కూడా ఇది రక్తం కార్చవచ్చు. మూత్రం ఎర్రగా వస్తే కిడ్నీనో మూత్రాశయాన్నో చూడాలి. చర్మం గీసుకుపోయి మట్టి చేరి ఉంటే ధారగా నీళ్లు పోసి కడగండి. చివరి టెటనస్ టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే బూస్టరు కావాలి.

ఆస్పత్రి చీటీలో ‘జారి పడ్డారు’ అని కాకుండా ‘నడుస్తుండగా కారు గుద్దింది, ఎడమ వైపు నుంచి’ అని, తేదీ, సమయంతో సహా రాయించండి. దీని మీదే చికిత్సా, తర్వాత పరిహారమూ ఆధారపడతాయి. కమిలిన చోట్ల రోజుకో ఫొటో తీయండి, రంగు మారేకొద్దీ ఆధారం పోతుంది. డ్రైవరును పంపించేశారు కాబట్టి బండి నంబరు, రంగు గుర్తున్నంతలో ఇప్పుడే రాసిపెట్టి పోలీసులకు చెప్పండి. అక్కడి కెమెరాల రికార్డింగు ఎక్కువ రోజులు ఉంచకపోవచ్చు.

ఇతర పాఠకులకు ఒక మాట. ఇలా జరిగితే వెంటనే లేవకండి. మెడనొప్పి, చేతులు కాళ్లలో తిమ్మిరి ఉంటే కదలకుండా అంబులెన్సు పిలిపించండి, మళ్లీ వాహనాలు గుద్దే ప్రమాదం ఉంటే తప్ప ఎవరూ మిమ్మల్ని లేపొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా నొక్కాలి. గర్భిణులైతే నొప్పి లేకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. 20 వారాలు దాటాక మాయ విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం నాలుగు గంటలు బిడ్డ గుండె చప్పుడు గమనిస్తారు. తల్లిది నెగెటివ్ గ్రూపైతే బిడ్డ రక్తకణాలపై తల్లి శరీరం ప్రతిరక్షకాలు తయారుచేయకుండా 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు.

బ్రేసుతో ఉన్నన్నాళ్లూ మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి చీలమండను పైకీ కిందికీ పదిసార్లు ఆడించండి. కదలని కాలిలో రక్తం గడ్డకట్టొచ్చు. పిక్క కొత్తగా వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మోకాలి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.