స్క్రీన్లు గీయడం ఒక ఎత్తు, పని జరిగేలా చూడడం మరో ఎత్తు

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బొమ్మలు వేయడం, రంగులు కలపడం చిన్నప్పటి నుంచి ఇష్టం. వెబ్ పేజీలు తయారుచేసే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ వచ్చు. జావాస్క్రిప్ట్ కొద్దిగా తెలుసు. ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో చాలా స్క్రీన్లు తయారుచేసి పోర్ట్‌ఫోలియోగా పెట్టుకున్నాను. ఇటీవల ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో ‘వీటిని ఎవరైనా వాడి చూశారా?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. వెబ్ అప్లికేషన్ల డిజైన్‌లో స్థిరపడాలంటే కోడింగ్ వదిలేసి డిజైన్ మీదే దృష్టి పెట్టాలా? కృత్రిమ మేధ క్షణాల్లో స్క్రీన్లు తయారుచేస్తున్న ఈ రోజుల్లో ఈ దారి ఎంచుకోవడం సబబేనా?

జవాబు: ఇంటర్వ్యూలో మిమ్మల్ని అడిగినది ఈ వృత్తిలో ఉన్నన్నాళ్లూ వినవలసిన ప్రశ్న. దానికి ధైర్యంగా జవాబు చెప్పగలిగేలా మిగిలిన చదువు కాలాన్ని మలచుకోండి. కోడింగ్ మాత్రం వదలవద్దు. రంగుల పొందిక, అక్షరాల అమరిక మీద మీకున్న అభిరుచి నిజంగా విలువైనదే. అయితే వెబ్ అప్లికేషన్ దగ్గరికి ఎవరైనా వచ్చేది దాన్ని చూడడానికి కాదు, ఏదో ఒక పని ముగించుకోవడానికి. ఆ మనిషి ఏదైనా నొక్కినప్పుడు, ఒక గడిని తప్పుగా నింపినప్పుడు, మధ్యలో ఆపేసి మళ్లీ వచ్చినప్పుడు అప్లికేషన్ ఎలా స్పందించాలో ముందే ఆలోచించి నిర్ణయించడం డిజైనర్ పనిలో సింహభాగం. విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలలో నాకు తరచుగా కనిపించే లోటు ఇదే.

ఒక కోర్సులో చేరడానికి నింపే ఆన్‌లైన్ దరఖాస్తును ఉదాహరణగా తీసుకుందాం. దీన్ని ఫిగ్మాలో గీయమంటే సాధారణంగా రెండు స్క్రీన్లు వస్తాయి: ఖాళీ ఫారం ఒకటి, ‘మీ దరఖాస్తు అందింది’ అనే సందేశం ఒకటి. అసలు డిజైన్ అంతా ఈ రెండింటి మధ్య ఉంటుంది. అభ్యర్థి ‘సమర్పించు’ బటన్ నొక్కిన వెంటనే, తన నొక్కుడు అందిందని తెలిసేలా బటన్‌లో మార్పు కనిపించాలి. 1968లో రాబర్ట్ మిల్లర్ పరిశీలించగా, తరువాత వాడుక సౌలభ్య నిపుణుడు జాకబ్ నీల్సన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన కొలతల ప్రకారం, స్పందన 0.1 సెకను లోపు వస్తే అది తక్షణమే జరిగినట్టు తోస్తుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి మళ్లుతుంది. సర్వర్ నుంచి జవాబు రావడం ఆలస్యమైనప్పుడు ఏమీ కదలని తెరను చూసి అభ్యర్థి మళ్లీ నొక్కితే రెండు దరఖాస్తులు నమోదు కావచ్చు. అందుకని మొదటి నొక్కుడు తరువాత బటన్‌ను కాసేపు నిలిపివేయడం, అదే దరఖాస్తు రెండోసారి వస్తే సర్వర్ గుర్తుపట్టేలా చూడడం రెండూ అవసరమవుతాయి. ఇంతలో నెట్‌వర్క్ తెగిపోతే అప్పటివరకు టైప్ చేసినదంతా చెరిగిపోకూడదు. పుట్టిన తేదీలో నెల 13 అని పడితే ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అని పేజీ పైభాగాన చూపిస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ‘నెల 1 నుంచి 12 లోపు ఉండాలి’ అని ఆ గడి పక్కనే చెప్పాలి, కర్సర్‌ను కూడా అక్కడికే తీసుకువెళ్లాలి. గడి అంచును ఎర్రగా మార్చడంతో సరిపెడితే రంగులు సరిగా గుర్తించలేనివారికి ఆ హెచ్చరిక అందదు కాబట్టి మాటల్లోనూ రాయాలి. ఈ స్థితులన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కదానికీ జవాబు ఆలోచించి చూడండి. రెండు స్క్రీన్లనుకున్న ఫారం డజనుకు చేరుతుంది. ఆ కసరత్తులో మీకు ఆనందం దొరికితే ఈ వృత్తి మీకు తగినదేనని నమ్మవచ్చు.

డిజైన్, కోడింగ్ రెండింటినీ కలిపి నేర్చుకోమని నేను పట్టుబట్టడానికి కారణం కూడా ఈ ఉదాహరణలోనే ఉంది. చూడడానికి అచ్చం బటన్‌లాగే ఉండేదాన్ని హెచ్‌టీఎంఎల్‌లో ‘డివ్’ అనే సాదా పెట్టెతో తయారుచేయవచ్చు, ‘బటన్’ ట్యాగ్‌తోనూ తయారుచేయవచ్చు. రెండోదానికి కీబోర్డులోని ట్యాబ్‌తో చేరుకోవచ్చు, ఎంటర్ గాని స్పేస్ గాని నొక్కితే పనిచేస్తుంది, చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అనే ప్రకటిస్తుంది. మొదటిదానికి ఇవన్నీ విడివిడిగా రాస్తే తప్ప రావు. ఫోన్ నంబరు గడి మీద వేలు పెట్టగానే అంకెల కీబోర్డు రావాలన్నా, బ్రౌజర్ దగ్గర ఉన్న చిరునామా దానంతట అదే నిండాలన్నా ఒకటి రెండు ఆట్రిబ్యూట్లు (ట్యాగ్‌లో రాసే అదనపు సూచనలు) సరిగా రాస్తే చాలు. ఇవన్నీ డిజైన్ నిర్ణయాలే. అయినా ఫిగ్మా చిత్రంలో వీటికి చోటు లేదు. తెలుగు అక్షరాలకు లైన్ల మధ్య ఎడం చాలకపోతే కింది వత్తులు తెగిపోయి కనిపించడం కూడా నిజమైన బ్రౌజర్‌లో, నిజమైన మాటలతో చూసినప్పుడే బయటపడుతుంది.

వెబ్ చరిత్రలోని ఒక మలుపు తెలుసుకుంటే ఈ బాధ్యత ఎలా పెరిగిందో అర్థమవుతుంది. తొలినాళ్లలో ఏ లింకు నొక్కినా పేజీ మొత్తం కొత్తగా వచ్చేది. అది లోడ్ అవుతోందని బ్రౌజరే చూపేది, వెనక్కి వెళ్లే బటన్ చాలావరకు ఊహించినట్టే పనిచేసేది. పేజీని కదపకుండా వెనుక నుంచి సమాచారం తెచ్చుకునే పద్ధతి వ్యాపించి, 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ దానికి ‘ఏజాక్స్’ అని పేరు పెట్టాక, వెబ్ పేజీలు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లా స్పందించడం మామూలైంది. ఆ సౌకర్యంతో పాటు, అంతవరకు బ్రౌజర్ చేసిపెట్టిన పనులు అప్లికేషన్ తయారుచేసేవారి మీద పడ్డాయి. ఒక జాబితాను వడపోసి, ఒక అంశం తెరిచి, వెనక్కి నొక్కితే వడపోత అలాగే ఉండాలా, పోవాలా? ఆ స్థితిని యూఆర్ఎల్‌లో (పేజీ చిరునామాలో) ఉంచితే లింకును మరొకరికి పంపవచ్చా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పగల డిజైనర్ మాటకు ప్రోగ్రామర్లలో గౌరవం ఉంటుంది. అందుకు జావాస్క్రిప్ట్‌లో పండితులు కానవసరం లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ గట్టిగా వచ్చి, జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న అప్లికేషన్ సొంతంగా నడిపించగలిగితే ప్రస్తుతానికి సరిపోతుంది. రియాక్ట్ వంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీలు ఆ తరువాత నేర్చుకోవచ్చు.

ఇక ఇతరులతో వాడించి చూడడం గురించి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, పెద్ద గుంపూ అక్కర్లేదు. 1993లో నీల్సన్, థామస్ లాండౌర్ ప్రచురించిన లెక్క ఆధారంగా, వాడి చూసే ఒక్కొక్కరు సగటున 31 శాతం లోపాలను బయటపెడతారనుకుంటే ఐదుగురితో సుమారు 85 శాతం బయటపడతాయని నీల్సన్ వివరించారు. ఆ 31 శాతం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, వాడేవారిలో భిన్నమైన వర్గాలు ఉంటే ఒక్కో వర్గం నుంచి కొందరిని పిలవాలి. అయినా అసలు ఎవరికీ చూపించకపోవడం కంటే ఐదుగురికి చూపించడం ఎంతో మేలు. చేయవలసిన పనిని వారి మాటల్లోనే చెప్పండి. ‘ఫిల్టర్ వాడండి’ అంటే మీరే దారి చూపినట్టవుతుంది. ‘ఈ వారంలోపు గడువు ముగిసే కోర్సులు ఏవో కనుక్కోండి’ అంటే వారు ఆ ఫిల్టర్‌ను గుర్తించగలరో లేదో తెలుస్తుంది. మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ చేయమనండి. వారు చిక్కుకున్నప్పుడు సాయం చేయాలని మీకు బలంగా అనిపిస్తుంది. ఆ సమయంలో మౌనంగా ఉండడమే ఈ పనిలో కష్టమైన విద్య. మొదట ఏం నొక్కారు, ఎక్కడ ఆగారు, ఏ మాట రెండుసార్లు చదివారు అన్నవి రాసుకోండి. ‘నచ్చిందా?’ అని అడగడం వృథా, ఎందుకంటే మొహమాటానికి అందరూ బాగుందనే అంటారు. లోపాలు సరిదిద్దాక మరికొందరిని పిలిచి మళ్లీ చూపించండి.

రంగుల మీద ఇష్టం ఉన్నవారు డబ్ల్యూసీఏజీ ప్రమాణాలను (వెబ్‌ను వైకల్యం ఉన్నవారు కూడా వాడగలిగేలా చూసే మార్గదర్శకాలను) తొందరగా చదవడం అవసరం. 2023 అక్టోబరులో వెలువడిన 2.2 సంచిక ప్రకారం ఏఏ అనే మధ్య స్థాయికి మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వ్యత్యాసం (కాంట్రాస్ట్) కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1 ఉండాలి. నొక్కవలసిన చోటు, కొన్ని మినహాయింపులతో, కనీసం 24×24 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు ఉండాలి. లేత బూడిద రంగు మీద తెల్లటి అక్షరాలు మీ కంటికి ఎంత నాజూకుగా ఉన్నా, చూపు మందగించినవారు చదవలేకపోతే ఆ అందం అక్కరకు రాదు. మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతోనే మీ అప్లికేషన్‌ను మొదటి నుంచి చివరి వరకు నడపండి, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్‌తో కళ్లు మూసుకుని ఒకసారి విని చూడండి.

కాబట్టి మీ పోర్ట్‌ఫోలియోలోని స్క్రీన్లలో ఎక్కువ భాగం తీసివేయమనే నా సలహా. వాటి స్థానంలో నిజంగా ఎవరికో అవసరమైన ఒక చిన్న పనిని, ఉదాహరణకు గ్రంథాలయ పుస్తకాల గడువు గుర్తుంచుకోవడం లాంటిదాన్ని, తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చేయండి. పనిచేసే లింకు ఇవ్వండి. ఎవరి ఇబ్బందిని తీర్చాలనుకున్నారు, మొదటి రూపంలో వాడినవారు ఎక్కడ తడబడ్డారు, దాన్ని చూసి ఏం మార్చారు, మార్చాక ఫలితం ఏమిటి అన్నది మామూలు వాక్యాల్లో రాయండి. విఫలమైన మొదటి రూపాన్ని దాచవద్దు; నేర్పున్న ఇంటర్వ్యూయర్ వెతికేది ఆ మార్పు వెనుక ఉన్న ఆలోచననే.

కృత్రిమ మేధ విషయంలో మీ భయానికి కొంత ఆధారం ఉంది. చూడచక్కని స్క్రీన్లు గీసి ఇవ్వడమే పనిగా ఉన్న ఉద్యోగాలు తగ్గుతాయనే నేను భావిస్తున్నాను. ఆ సాధనాలు, కోరితే, పైన చెప్పిన స్థితుల జాబితా కూడా రాసిపెడతాయి. కానీ మీ ఎదుట కూర్చున్న వ్యక్తి ఏ మాట దగ్గర తడబడ్డాడో చూడడం, రెండు అవసరాలు ఢీకొన్నప్పుడు ఏది వదులుకోవాలో నిర్ణయించి దానికి బాధ్యత వహించడం మనిషి చేయవలసిన పనులు. ఆ సాధనాలను వాడుకోండి. అవి రాసిన కోడ్‌లో బటన్ స్థానంలో డివ్ ఉంటే పట్టుకునే జ్ఞానం ముందు సంపాదించుకోండి.

దరఖాస్తు చేసేటప్పుడు ఉద్యోగం పేరు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు. యూఎక్స్ డిజైనర్, ఇంటరాక్షన్ డిజైనర్, ఫ్రంట్ ఎండ్ డెవలపర్, డిజైన్ ఇంజినీర్ అనే పేర్లు ఒక్కో సంస్థలో ఒక్కో అర్థంలో వాడుతున్నారు. ప్రకటనలో రాసిన పనుల జాబితా చదివి, వాడేవారితో మాట్లాడే అవకాశం, మీరు డిజైన్ చేసినదాన్ని కోడ్ దాకా తీసుకువెళ్లే అవకాశం రెండూ ఉన్న ఇంటర్న్‌షిప్‌లకు ముందుగా దరఖాస్తు చేయండి. ఆ రెండింటిలో ఒకటే దొరికే పరిస్థితి వస్తే, మొదటి ఉద్యోగానికి వాడేవారితో మాట్లాడే అవకాశం ఉన్నదాన్నే ఎంచుకోండి, ఎందుకంటే కోడింగ్‌ను మీ అంతట మీరు ఇంట్లో కూర్చుని కూడా పెంచుకోగలరు.