నల్ల చెక్క క్లారినెట్‌ను వేరే దేశానికి అమ్మవచ్చా?

ప్రశ్న: నాన్నగారి పాత క్లారినెట్ ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌తో చేసింది. ఇంకొకటి చేయించాలని ఆయన తెప్పించుకున్న అదే చెక్క దిమ్మలు నాలుగు అలాగే మిగిలిపోయాయి. వేరే దేశంలో ఒకరు అన్నీ కొంటామంటున్నారు. కొరియర్‌లో పంపితే కస్టమ్స్‌వాళ్లు పట్టుకుంటారని స్నేహితులు భయపెడుతున్నారు. అనుమతి కావాలా?

జవాబు: క్లారినెట్ గురించి టెన్షన్ అక్కర్లేదు. చిక్కంతా ఆ దిమ్మలతోనే.

ఈ చెట్టు డాల్బర్జియా ప్రజాతిది, అంటే రోజ్‌వుడ్‌కు దగ్గరి చుట్టం. చేవ దాదాపు నల్లగా, నీళ్లలో వేస్తే మునిగేంత బరువుగా ఉంటుంది. లేత్ మీద సన్నటి రంధ్రాలు కూడా నున్నగా పడతాయి. అందుకే క్లారినెట్, ఓబో చేసేవాళ్లు దీన్ని వదలరు. చెట్టేమో చాలా నిదానంగా పెరుగుతుంది, వంకరటింకర మాను కావడంతో పనికొచ్చే చెక్క కొంచెమే దొరుకుతుంది.

అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం 2017 జనవరి 2 నుంచి దీన్ని రెండో అనుబంధంలో, అంటే పర్మిట్‌తోనే సరిహద్దు దాటించాల్సిన జాతుల జాబితాలో చేర్చింది. మొదట్లో అమ్మకానికి సరిహద్దు దాటే వాద్యాలకూ పర్మిట్ అడిగారు. వాద్యకారుల గోల తర్వాత, 2019 నవంబరు 26 నుంచి పూర్తిగా తయారైన వాద్యాలకు, వాటి విడిభాగాలకు మినహాయింపు వచ్చింది. మీ క్లారినెట్‌కు అది చాలు.

దిమ్మలకు మాత్రం అది వర్తించదు. కొలతకు కోసి, కొసలకు మైనం పూసి ఉన్నా చట్టం దృష్టిలో అవి ముడిసరుకే. ‘10 కిలోల లోపు ఫర్వాలేదు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ పరిమితి తయారైన వస్తువులకే. దిమ్మలు దిగుమతి చేసుకున్నవైతే పునరెగుమతి సర్టిఫికెట్ ముందే తీసుకోవాలి. 2017కు ముందు కొన్నట్లు బిల్లు ఉంటే ఒప్పందానికి ముందు సేకరించినవని సర్టిఫికెట్ అడగవచ్చు. బిల్లు లేకపోతే ఆ తలనొప్పి వద్దు, స్థానిక చట్టం ఒప్పుకుంటే మీ దేశంలోనే వాద్యాలు చేసేవారికి అమ్మేయండి.

క్లారినెట్ రింగులను కూడా ఒకసారి పరీక్ష చేయించండి. అవి ఏనుగు దంతంవైతే చెక్కకున్న మినహాయింపు వాటికి పనికిరాదు.

డిక్లరేషన్‌లో ‘ఎబొనీ’ అని రాయకండి, అది వేరే చెట్టు. డాల్బర్జియా మెలనోజైలాన్ అన్న శాస్త్రీయ నామమే రాయండి. కొన్ని దేశాలు సైటీస్ కంటే కఠినమైన నియమాలు పెట్టుకుంటాయి, ఒప్పందమే ఆ వీలిచ్చింది. అందుకని కొనేవారిని తమ దేశపు సైటీస్ అధికారిని అడిగి, రాతపూర్వక జవాబు తెప్పించమనండి. అది చేతికొచ్చాకే పార్సిల్ కట్టండి.